గుర్తుపట్టవలసినది ఎవరు?

“ముద్దాయిలను బాధితురాళ్లు గుర్తించలేకపోయారు గనుక కేసు వీగిపోయింది.”

స్త్రీల మీద అత్యాచారం జరిగిన కేసులు కోర్టులో వీగిపోయినప్పుడల్లా ఇటువంటి వాక్యం ఒకటి మన పత్రికలలో కనిపిస్తూ వుంటుంది. మనం సాహిత్యం చదివేవాళ్లం. ఒక పద్యంలో కర్త ఎవరు, కర్మ ఏది, అన్వయం ఎట్లా కుదురుతుంది అని సంచికల తరబడి వాదించుకోగల వాళ్లం. ఈ వాక్యానికి అన్వయం చెప్పుకోవటానికి మాత్రం మనకు తీరిక దొరకలేదు. గుర్తించలేకపోయినది ఎవరు? బాధితురాళ్లు. గుర్తింపజెయ్యవలసిన వాళ్లు ఎవరు? వాళ్లు వాక్యంలో లేరు. దర్యాప్తు అధికారి లేడు. గుర్తింపు పరేడు జరిపించమని కోర్టును కోరవలసిన స్టేషన్ అధికారి లేడు. అతని పై అధికారి లేడు. ప్రభుత్వం అసలే లేదు. దెబ్బ తిన్న మనిషి మీదనే, దెబ్బ కొట్టినవాణ్ణి పట్టి ఇవ్వలేకపోయిందన్న తప్పు కూడా మోపి, వాక్యం నిబ్బరంగా ముగుస్తుంది.

నేను వాదించదలచుకున్నది ఒకటే సంగతి. అత్యాచారం చేసినది ఎవరు అన్న ప్రశ్న బాధితురాలి జ్ఞాపకశక్తికి పెట్టే పరీక్ష కాదు. దానికి జవాబు సంపాదించటం ప్రభుత్వం పని. ఆ పని మొదటి రోజులలోనే జరగాలి. అప్పుడు జరగకపోతే ఎంత పెద్ద అప్పీలు కోర్టు అయినా తర్వాత ఆ లోటు పూడ్చలేదు. ముద్దాయి ప్రభుత్వం మనిషి అయితే ఆ పని జరగదు. ముద్దాయి దిక్కులేనివాడైతే ఆ పని కావలసిన దానికంటె ఎక్కువగా జరుగుతుంది. ఇవి రెండు వేరువేరు జబ్బులని, ఒకదానికి స్త్రీవాదులు, రెండవదానికి పౌరహక్కుల వాళ్లు మందు వెతకాలని అనుకునే మిత్రులున్నారు. నా దృష్టిలో జబ్బు ఒకటే.

ముందు వాకపల్లి సంగతి చూద్దాం.

2007 ఆగస్టు 20వ తేదీ తెల్లవారుజామున విశాఖ ఏజెన్సీలో, జి. మాడుగుల మండలంలోని ఆ కోందు గూడేనికి గ్రేహౌండ్స్ కూంబింగ్ దళం వెళ్లింది. తమలో 11 మంది మీద ఆ పోలీసులు అత్యాచారం జరిపారని గూడెం స్త్రీలు చెప్పారు. దళంలో వున్నది 21 మంది. ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. చీకట్లో దారి కాసిన ముక్కూ మొహం తెలియని దొంగల గుంపు కాదు ఇది. ఏ రోజున, ఏ వేళకు, ఎవరి నాయకత్వాన, ఎంతమంది, ఏ ఆయుధాలతో ఆ కొండ ఎక్కారో ప్రభుత్వానికి తెలుసు. వాళ్ల పేర్లు జీతాల పట్టీలో వుంటాయి. వాళ్ల ఫోటోలు సర్వీసు రికార్డులలో వుంటాయి. నేరస్థులెవరో వెతకటానికి దేశంలో ఇంతకంటె తేలికైన కేసు మరొకటి వుండదు. అటువంటి కేసు “గుర్తింపు” దగ్గర వీగిపోయింది!

ఎట్లా వీగిపోయింది? దర్యాప్తు అసలు కేసే నిజం కాదని మూసివెయ్యటానికి నివేదిక ఇచ్చింది. స్త్రీలు వదలలేదు. అభ్యంతరం దాఖలు చేశారు. పాడేరు మేజిస్ట్రేటు కేసును విచారణకు స్వీకరించాడు. పోలీసులు హైకోర్టుకు వెళ్లారు. 2012లో హైకోర్టు కొందరిని తప్పించి 13 మంది మీద విచారణ సాగాలన్నది. పోలీసులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ పిటిషన్లు కొట్టివేసి, విచారణ ఆరు నెలలలో ముగించమన్నది. తీర్పు వెలువడినది 2023 ఏప్రిల్ 6న, విశాఖపట్నం ప్రత్యేక కోర్టులో. ముద్దాయిలందరూ విడుదల అయ్యారు. నేరం జరిగిందన్న నాటికీ తీర్పుకూ మధ్య పదిహేనున్నర ఏళ్లు. ఈ మధ్యలో ఆ ఏజెన్సీ ప్రాంతాన్ని జిల్లాగా విడదీసి దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. పేరు పెట్టటానికి సాక్ష్యం అక్కరలేదు గనుక ఆ పని చప్పున అయిపోయింది.

ఆ తీర్పులో రెండు సంగతులు పక్కపక్కన వున్నాయి. ముద్దాయిల మీద నేరం రుజువు కాలేదన్నది ఒకటి. ఆ స్త్రీలకు పరిహారం ఇప్పించమని జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆదేశించటం, దర్యాప్తు అధికారి తన పని సరిగా చెయ్యనందుకు అతని మీద చర్య తీసుకోవాలనటం రెండవది. గుర్తింపు పరేడు జరపకపోవటం ఆ లోపాలలో ముఖ్యమైనది. ఇప్పుడు నన్ను అడగనివ్వండి: ఏమీ జరగలేదని కోర్టు నమ్మితే పరిహారం దేనికి? ఏదో జరిగిందని నమ్మితే, చేసినవాళ్లు ఎవరో తెలియకుండా పోవటానికి కారకుడైన అధికారి “పని సరిగా చెయ్యనివాడు” మాత్రమేనా? బడిపంతులు హాజరుపట్టీ తప్పు రాస్తే అనవలసిన మాట అది.

చట్టం తెలియని విద్యార్థుల కోసం ఈ పరేడు అంటే ఏమిటో చెప్పాలి. అపరిచితుడు నేరం చేశాడని సాక్షి చెప్పినప్పుడు, పోలీసులు పట్టుకున్న మనిషిని అదే వయస్సు, అదే ఒడ్డు పొడుగు వున్న మరి కొందరితో కలిపి నిలబెడతారు. సాధారణంగా జైలులో, మేజిస్ట్రేటు ఎదుట జరుగుతుంది. దర్యాప్తు చేస్తున్న పోలీసులు ఆ చుట్టుపక్కల వుండకూడదు. అరెస్టు అయిన నాటి నుంచి పరేడు నాటి వరకు ఆ మనిషి మొహం సాక్షి కంటపడకూడదు. పత్రికలలో ఫోటో రాకూడదు. ఆలస్యం కాకూడదు. సాక్షి వచ్చి వరసలో నుంచి ఒకణ్ణి చూపుతుంది, లేదా ఎవరూ కాదంటుంది. ఇంతే. ఇందులో యంత్రాలు లేవు, ఖర్చు లేదు, పెద్ద చదువు అవసరం లేదు. కావలసినది ఒక్కటే, జరపాలన్న బుద్ధి.

ఈ పరేడు స్వయంగా రుజువు కాదు. కోర్టు హాలులో బోనులో నిలబడ్డవాణ్ణి సాక్షి చూపటమే అసలు సాక్ష్యమని, పరేడు దానికి ఊతమని చట్టం అంటుంది. ఇక్కడ సుప్రీంకోర్టు రెండు నాలుకలతో మాట్లాడినట్టు కనిపిస్తుంది. కణన్ కేసులో, 1979లో, ముందుగా పరేడు జరగకుండా అపరిచితుణ్ణి మొదటిసారి కోర్టులోనే గుర్తించటానికి విలువ లేదన్నది. మల్ఖాన్‌సింగ్ కేసులో, 2003లో, పరేడు జరపకపోయినంత మాత్రాన కేసు పోదని, కోర్టులో గుర్తింపుకు ఎంత విలువ ఇవ్వాలో ఆయా కేసును బట్టి వుంటుందని చెప్పి, ఒక సామూహిక అత్యాచారం కేసులో శిక్షను నిలబెట్టింది. ఆలోచిస్తే రెండూ తప్పు మాటలు కావు. పట్టపగలు, దగ్గరగా, చాలాసేపు చూసిన మొహాన్ని మరచిపోలేని స్త్రీ విషయంలో పరేడు లేదన్న సాకు చెల్లకూడదు. ఏళ్ల తర్వాత బోనులో ఒక్కడే నిలబడి వుంటే అతణ్ణి చూపటం గుర్తింపూ కాదు. బోనే అతణ్ణి చూపుతోంది గదా! కాని ఈ రెండు సూత్రాలనూ అప్పీలులో చెరొక సంచిలో పెట్టుకుని, కావలసినప్పుడు కావలసినది బయటికి తియ్యవచ్చు. ఏది బయటికి వస్తుందన్నది బోనులో ఎవరున్నారన్న దాని మీద ఆధారపడకుండా వుంటుందని నమ్మటానికి నాకు చాలినంత అమాయకత్వం లేదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి వుంది. దాన్ని మన న్యాయవాద మిత్రులు కూడా అంతగా పట్టించుకున్నట్టు లేదు. పరేడు జరిపించమని కోరే హక్కు ఎవరికి వుంది? 2005 సవరణతో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి 54ఎ సెక్షన్ వచ్చింది. 2006 జూన్ నుంచి అమలయింది. అరెస్టయిన మనిషిని గుర్తింపుకు నిలబెట్టమని కోర్టు ఆదేశించవచ్చునని అందులో వుంది. ఎవరు కోరితే? పోలీసు స్టేషన్ అధికారి కోరితే. 2024 జూలై 1 నుంచి పాత కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. వలస పాలన చిహ్నాలను తుడిచివేస్తున్నామని చాటుకున్నారు. కొత్త సంహితలో 54వ సెక్షన్ చదవండి. అడిగేవాడు అదే స్టేషన్ అధికారి. బాధితురాలు “నాకు వాళ్ల మొహాలు గుర్తున్నాయి, నిలబెట్టండి, చూపుతాను” అని మేజిస్ట్రేటును అడిగే దారి ఆ సెక్షన్‌లో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పైగా ఆ సెక్షన్ మాట్లాడేది అరెస్టయిన మనిషిని గురించి. అరెస్టే చెయ్యకపోతే? ఒక పోలీసు మరొక పోలీసును అరెస్టు చేసి, మూడవ పోలీసు కోర్టుకు రాసి, అప్పుడు గాని ఆ గూడెం స్త్రీకి తన మీద పడ్డవాడి మొహం చూపే అవకాశం రాదు. ఆ అవకాశం ఇవ్వకుండా, “ఆమె గుర్తించలేకపోయింది” అని రాసుకున్నాము.

మధుర కేసు తర్వాత చట్టం మారింది గదా అంటారు. నిజమే, కాని మారినది ఏమిటో చూడాలి. మహారాష్ట్రలో దేశాయిగంజ్ పోలీసు స్టేషన్‌లో 1972 మార్చిలో జరిగిన ఆ ఘటనలో ఇద్దరు పోలీసులు ముద్దాయిలు. సెషన్స్ కోర్టు వదిలిపెట్టింది, హైకోర్టు శిక్ష వేసింది, 1978లో సుప్రీంకోర్టు మళ్లీ వదిలిపెట్టింది. ఆమె ఒంటి మీద గాయాలు లేవు గనుక ఒప్పుకున్నట్టే అన్న మాట దేశమంతటా మంట పుట్టించింది. ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా అధ్యాపకులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ రాశారు. అధ్యాపకులైన మన పాఠకులు ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోవాలి. ఆ వుద్యమ ఫలితంగా 1983లో సాక్ష్య చట్టంలోకి 114ఎ సెక్షన్ వచ్చింది. పోలీసు కస్టడీ వంటి చోట్ల స్త్రీ తాను ఒప్పుకోలేదని చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి.

అయితే అదే తీర్పులో రెండవ ముద్దాయిని విడుదల చేసిన కారణాన్ని చాలామంది మరచిపోయారు. హెడ్ కానిస్టేబుల్ చేశాడని మొదటి ఫిర్యాదులో చెప్పిన పనులను కోర్టులో కానిస్టేబుల్ మీద పెట్టింది గనుక, హెడ్ కానిస్టేబుల్‌కు సంబంధించి ఆమె మాట నమ్మదగినది కాదన్నారు. అంటే ఎవడు ఏమి చేశాడన్న ప్రశ్న. ఆ మొదటి ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కినది ఏ స్టేషన్‌లో, ఎవరి చేతి మీదుగా? పోలీసులు రాసుకున్న కాగితంతో ఆమె నోటిమాటను సరిచూసి, తేడా వస్తే ఆమె నోటిదే తప్పన్నారు. 1983 సవరణ ఈ సగాన్ని తాకనే లేదు. 114ఎ పని చెయ్యాలంటే ముందు ఫలానా మనిషే ఆమెతో సంభోగించాడని రుజువు కావాలి. వాకపల్లి కేసులో ఒప్పుకోవటం, ఒప్పుకోకపోవటం అన్న తగాదాయే లేదు. చేసినవాళ్లు వీళ్లే అన్నదే తేలలేదు. మనం వుద్యమించి ఒక తలుపు తీయించాము. పోలీసులు పక్క తలుపు మూసుకున్నారు.

ఇక నాణెం రెండవ వైపు.

2003 జూన్‌లో మహారాష్ట్రలో నాసిక్ దగ్గర ఒక తోటలో కాపురం వున్న కుటుంబం మీద రాత్రిపూట దాడి జరిగింది. ఐదుగురిని చంపారు, ఇద్దరు స్త్రీల మీద అత్యాచారం చేశారు. సంచార జాతికి చెందిన ఆరుగురు పేదవాళ్లను పట్టుకున్నారు. కింది కోర్టు ఆరుగురికీ ఉరి వేసింది. 2007లో హైకోర్టు ముగ్గురి శిక్షను యావజ్జీవంగా తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికీ తిరిగి ఉరి వేసింది. ఆరుగురూ ఉరికొయ్య నీడలో వున్నారు. వాళ్లలో ఒకడు నేరం జరిగిన నాటికి మైనరని తర్వాత తేలింది. 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు, తన పాత తీర్పును వెనక్కు తీసుకుని, అప్పీళ్లను మళ్లీ విని, ఆరుగురినీ నిర్దోషులని వదిలింది. అప్పటికి పదహారేళ్లు గడిచాయి. మనిషికి 5 లక్షల రూపాయల పరిహారం ఇమ్మన్నారు.

ఏమి తేలింది? బతికి బయటపడిన ప్రత్యక్షసాక్షికి పోలీసులు దాడి జరిగిన కొద్ది రోజులలోనే పాత నేరస్థుల ఫోటోల ఆల్బం చూపారు. ఆమె అందులో నలుగురిని గుర్తుపట్టింది. ఆ నలుగురు ఈ ఆరుగురిలో లేరు! ఆ నలుగురిని అరెస్టు చెయ్యలేదు, వాళ్ల మీద చార్జిషీటు లేదు. తర్వాత బోనులో ఈ ఆరుగురిని నిలబెట్టి, సాక్షి గుర్తుపట్టిందనిపించుకుని, మూడు కోర్టులు దాటించారు. ఆల్బం సంగతి రికార్డులోనే వుంది. ఎవరో దాచిపెట్టిన రహస్యం కాదు. పదేళ్లపాటు జడ్జీలు ఆ పుటలు తిరగేస్తూనే వున్నారు. నేరం ఎంత ఘోరమైనదైతే అంత త్వరగా ఎవరినో ఒకరిని ఉరి తియ్యాలన్న తొందర, ఆ పుట దగ్గర కళ్లను ఆగనివ్వలేదు.

ఇక్కడ దగ్గరలోనే మరొకటి వుంది. 2007 డిసెంబరులో, వాకపల్లి తర్వాత నాలుగు నెలలకు, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న అమ్మాయిని హత్య చేశారు. పెద్ద యింటి పిల్లల పేర్లు జనం నోట వినిపించాయి. ఆ పుకార్లలో నిజమెంతో నేను తేల్చబోవటం లేదు. 2008 ఆగస్టులో పోలీసులు ఒక దళిత యువకుణ్ణి పట్టుకుని, ఇతడే అన్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాదు హైకోర్టు అప్పీలు విని అతణ్ణి నిర్దోషి అన్నది, లక్ష రూపాయలు ఇమ్మన్నది. 2018లో కేసును సి.బి.ఐ.కి అప్పగించింది. ఎనిమిదేళ్లకు పైగా జైలులో గడిపినవాడు ఇంటికి వెళ్లాడు. ఇందులో నన్ను కలచివేసినది మరొకటి. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులు మొదటి నుంచీ “ఇతను కాదు” అంటూనే వున్నారు. ఎవరి తరఫున ప్రభుత్వం కేసు నడుపుతున్నదో, వాళ్లే ముద్దాయి పక్షాన నిలబడవలసి వచ్చింది.

వాకపల్లి, ఇబ్రహీంపట్నం ఒకే ఏడాది, ఒకే రాష్ట్ర పోలీసు శాఖ కింద జరిగాయి. ఒకచోట 21 మంది పేర్లు చేతిలో వున్నా మొహాలు వెతకలేకపోయారు. మరొకచోట చేతిలో ఏమీ లేకపోయినా ఒక మొహం సంపాదించారు. ఇది చేతకానితనం అనుకోవటానికి వీలులేదు. చేతకానితనం ఇంత తెలివిగా మనుషులను ఎంచుకోదు.

ఈ మాట అంటే వెంటనే వచ్చే సమాధానం, ఇక డి.ఎన్.ఎ. వచ్చింది గదా, మొహాల గొడవ దేనికి అని. విజ్ఞానశాస్త్రం మీద మనకు గౌరవం వుంది. కాని శాస్త్రం నమూనాను పరీక్షిస్తుంది గాని నమూనా ఎవరి చేతులలో నుంచి వచ్చిందో పరీక్షించదు. ఢిల్లీలో ఛావ్లా దగ్గర 2012లో 19 ఏళ్ల అమ్మాయిని ఎత్తుకుపోయి చంపిన కేసులో ముగ్గురికి కింది కోర్టు, హైకోర్టు ఉరి ఖాయం చేశాయి. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ముగ్గురినీ వదిలింది. పరేడు జరగలేదు, కోర్టులో సాక్షులెవరూ వాళ్లను గుర్తించలేదు, డి.ఎన్.ఎ. నమూనాలు ప్రయోగశాలకు పోకముందు రోజుల తరబడి పోలీసు మాలుఖానాలో పడివున్నాయి. పదిమంది ముఖ్యసాక్షులను క్రాస్ పరీక్షే చెయ్యలేదు. ఆ ముగ్గురు దోషులో కాదో నాకు తెలియదు. ఎవరికీ తెలియకుండా చేసింది ఆ దర్యాప్తు. కూతురును పోగొట్టుకున్న తల్లిదండ్రులకు పదేళ్ల తర్వాత చెప్పగలిగినది అంతే.

ఇప్పుడు మన మిత్రులతో నా తగాదా.

ముఖ్యంగా యువ మిత్రులలో ఒక వాదం వినిపిస్తున్నది: స్త్రీ మాటే చాలు, గుర్తింపు పరేడులు, సందేహ లాభాలు ఇవన్నీ బూర్జువా న్యాయశాస్త్రం మగవాళ్లకు కట్టిన కోటగోడలు, వాటిని పడగొట్టాలి అని. ఈ వాదంలోని కోపం నాకు అర్థమవుతుంది. వాదం మాత్రం తప్పు. బాధితురాలి మాట నమ్మదగినదైతే మరొక సాక్ష్యం అక్కరలేదని సుప్రీంకోర్టే 1996లో గుర్మీత్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. అది సరైన సూత్రం, దాన్ని కాపాడుకోవాలి. తెలిసినవాడు చేసిన నేరంలో దానితో చాలావరకు పని జరుగుతుంది. కాని అపరిచితుడి విషయంలో ఆమె నిజం చెబుతున్నదా అన్నది ఒక ప్రశ్న, ఆమె చూపిన మనిషి అతడేనా అన్నది మరొక ప్రశ్న. నూటికి నూరుపాళ్లూ నిజాయితీ గల మనిషి కూడా మొహం విషయంలో పొరపాటుపడవచ్చు. అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రంలో 1984లో ఒక తెల్ల విద్యార్థిని తన మీద అత్యాచారం చేస్తున్నవాడి మొహాన్ని, తర్వాత గుర్తుపట్టాలన్న పట్టుదలతో, ఆ స్థితిలో కూడా పరిశీలనగా చూసింది. ఫోటోలలో ఒక నల్లజాతి యువకుణ్ణి చూపింది. వరసలో నిలబెట్టినా అతణ్ణే చూపింది. శిక్ష పడింది. అప్పీలులో కేసు మళ్లీ విచారణకు వచ్చినప్పుడు, అసలు నేరస్థుణ్ణి కోర్టులో ఆమె ఎదుట నిలబెడితే అతనెవరో తెలియదన్నది. 1995లో డి.ఎన్.ఎ. పరీక్ష చేస్తే ఆ రెండవవాడే అని తేలింది. మొదటివాడు పదేళ్లు జైలులో వున్నాడు. ఆమె అబద్ధం ఆడలేదు. ఆ పదేళ్లూ ఇద్దరికీ అన్యాయం జరిగింది.

అందువల్ల గుర్తింపు విషయంలో కఠినమైన రుజువు అడగటం మగవాళ్ల పక్షం వహించటం కాదు. ఆ కఠినత్వాన్ని సడలిస్తే మొదట పట్టుబడేది ఎవరు? గ్రేహౌండ్స్ ఇన్‌స్పెక్టరా, మంత్రిగారి అబ్బాయా? నాసిక్ తోట దగ్గర పట్టుకున్న సంచారజాతివాడు, ఇబ్రహీంపట్నం కేసులో పట్టుకున్న దళితుడు. సడలించిన చట్టాన్ని అమలు జరిపేది మనం కాదు గదా, ఆ స్టేషన్ అధికారే.

రుజువు పూర్తిగా మానేస్తే ఏమవుతుందో హైదరాబాదు దగ్గర మనం కళ్లారా చూశాము. 2019 నవంబరులో ఒక పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపారు. నలుగురిని పట్టుకున్నారు. డిసెంబరు 6న తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురినీ కాల్చి చంపారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ విచారించి, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని 2022లో తేల్చింది. ఆ నలుగురే నేరం చేశారా అన్న ప్రశ్నకు ఇక ఏ కోర్టులోనూ జవాబు రాదు. అప్పీలు లేదు, పునర్విచారణ లేదు. ఆనాడు పూలు చల్లినవాళ్లలో మన తరగతి గదులలో కూర్చున్న విద్యార్థులు వున్నారు, పాఠాలు చెప్పే మాస్టర్లు వున్నారు. పన్నెండేళ్ల కిందట వాకపల్లికి దళాన్ని పంపినది కూడా ఈ పోలీసు వ్యవస్థే అన్న సంగతి వాళ్లకు తట్టలేదు.

మరి ఏమి చెయ్యమంటావు అని అడుగుతారు. రుజువు బరువు తగ్గించమని నేను అనను. ఆ బరువు మొయ్యవలసినవాడి భుజం మీద పెట్టమంటాను. బాధితురాలు నేరుగా మేజిస్ట్రేటును అడిగితే పరేడు జరిపి తీరాలని 54వ సెక్షన్‌ను సవరించాలి. ముద్దాయి అరెస్టయినా కాకపోయినా, అతను ప్రభుత్వోద్యోగి అయితే శాఖ అతణ్ణి హాజరుపరచాలి. యూనిఫారంలో విధి మీద వున్న దళం మీద ఆరోపణ వచ్చినప్పుడు, ఆ వేళ ఎవరు ఎక్కడ వున్నారో చెప్పవలసిన బాధ్యత దళానిదే కావాలి. ఇది వింత కోరిక కాదు. ప్రత్యేకంగా ఒకడికే తెలిసిన సంగతిని అతడే రుజువు చెయ్యాలని సాక్ష్య చట్టం 106వ సెక్షన్‌లో ఏనాటి నుంచో వుంది. కొత్త చట్టంలో అది 109. భార్య నాలుగు గోడల మధ్య చనిపోతే భర్తను ఆ సెక్షన్ కింద నిలదీస్తున్నారు. గూడెం చుట్టూ తుపాకులతో నిలబడ్డ దళాన్ని ఎందుకు నిలదియ్యరు? ఎక్కడ వున్నావో చెప్పమనటం, నేరం చేశావనటం ఒకటి కాదు. చెప్పిన దాన్ని కోర్టు పరీక్షిస్తుంది. చెప్పకపోతే ఆ మౌనాన్ని కూడా పరీక్షిస్తుంది.

అప్పీలు వుంది గదా అన్నవాళ్లకు ఒక మాట. 2009 డిసెంబరు 31 నుంచి, ముద్దాయిని విడుదల చేస్తే బాధితులు తామే అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో వుంది. మంచి హక్కు. కాని అప్పీలు కోర్టు ముందు వుండేది మనుషులు కాదు, కాగితాల కట్ట. సాక్షి గొంతు వణికిందా, ఎవరిని చూసి వణికింది అన్నది ఆ కట్టలో వుండదు. తప్పుగా శిక్షపడిన మనిషిని ఆ కట్టే రక్షించవచ్చు, ఆల్బం పుట పదహారేళ్లకైనా ఎవరి కంటనో పడవచ్చు. ఎందుకంటే అక్కడ లోపం కాగితం మీద వుంది. వాకపల్లిలో లోపం లేని కాగితం. జరపని పరేడుకు పుట సంఖ్య వుండదు. కొత్త సాక్ష్యం తీసుకోవటానికి అప్పీలు కోర్టుకు అధికారం వున్నా, 2007 ఆగస్టులో నిలబెట్టవలసిన 21 మందిని 2007 ఆగస్టు మొహాలతో నిలబెట్టే అధికారం ఏ కోర్టుకూ లేదు.

లా చదివే విద్యార్థులు ఈ సంచిక చదువుతారు గనుక వాళ్లకు ఒక పని అప్పగిస్తున్నాను. మీ జిల్లా కోర్టులో గత పదేళ్లలో అపరిచితుల మీద నడిచిన అత్యాచారం కేసుల తీర్పులు తీసి చదవండి. ప్రతి తీర్పులోనూ నాలుగు సంగతులు రాసుకోండి: పరేడు జరిగిందా, అరెస్టయిన ఎన్నవ రోజున జరిగింది, అంతకుముందు ముద్దాయిని విలేఖరుల ముందు చూపారా, ముద్దాయి కులం, వృత్తి ఏమిటి. శిక్ష పడిందా లేదా అన్నది ఐదవ గడిలో రాయండి. నింపిన పట్టికలు ఈ పత్రికకు పంపితే, బాధితురాళ్ల పేర్లు, ఊళ్లు తీసివేసి, వాటిని వరసగా అచ్చువేద్దాం.